బొమ్మ వెనక ఊరు

బొమ్మలు కొత్తగా వేసే పిల్లలు ముందు చేతులు దాచేస్తారు. వేళ్ళు వెయ్యడం కష్టం కాబట్టి బొమ్మలోని మనిషి ఎప్పుడూ చేతులు జేబులో పెట్టుకునో, వెనక్కి కట్టుకునో నిలబడి ఉంటాడు. తర్వాత పాదాలు దాచేస్తారు. కాగితం చాలనట్టు బొమ్మ మోకాళ్ళ దగ్గరే ఆగిపోతుంది. పదకొండేళ్ళుగా ఐదు ఊళ్ళలో తెలుగు చెబుతూ పిల్లల నోటు పుస్తకాల ఆఖరి పేజీలు చూస్తూ వచ్చాను కాబట్టి ఈ రెండూ నాకు అలవాటే. దాచేది ఇంకొకటి కూడా ఉంటుందని ఖరగ్‌పూర్ వచ్చాకే తెలిసింది. అది మనిషి వెనక ఉండే చోటు.

ఆ సంగతి నాకు తెలియజేసింది ఎనిమిదో తరగతి మధ్యలో మన విద్యాలయంలో చేరిన ఒక అమ్మాయి. పేరు వెయ్యొద్దని తనే అడిగింది కాబట్టి ఆ అమ్మాయి అనే రాస్తాను. వాళ్ళ నాన్నగారు రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేస్తారు. ముందు ఆద్రా, తర్వాత చక్రధర్‌పూర్, ఆ తర్వాత ఇక్కడ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో క్వార్టరు. ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటారు, కానీ రాయడం వచ్చేసరికి ఒత్తులన్నీ జారిపోయేవి. నోటు పుస్తకం ఆఖరి పేజీల నిండా మొహాలు. జపాన్ కార్టూన్లలోలాగ పెద్ద పెద్ద కళ్ళు, ఎగిరే జుట్టు. బాగానే ఉన్నాయి. ఒక్కదాని వెనకా ఏమీ లేదు. చెట్టు లేదు, గోడ లేదు, నేల మీద నీడైనా లేదు.

"వీళ్ళంతా ఎక్కడ నిలబడ్డారు?" అని అడిగాను.

"వెనకాల ఏం వెయ్యాలో తెలీదు మేడమ్."

"మీ ఊరు వెయ్యి."

కాసేపు ఆలోచించి, "ఏ ఊరు మేడమ్?" అంది.

ఎదురు ప్రశ్నలాగ అనలేదు, నిజంగానే అడిగింది. మనలో చాలామందికి ఆ ప్రశ్నకు వెంటనే జవాబు రాదు.

అప్పటికి ఆ అమ్మాయి అమ్మగారి ఫోన్లో వేలితోనే బొమ్మలు వేసేది. ఆ దసరా సెలవుల తర్వాత ఎవరో వాడి వదిలేసిన పెన్ టాబ్లెట్ ఒకటి తక్కువ ధరకు దొరికింది. అది మీలో కొందరు చూసే ఉంటారు. నల్లటి పలకలా ఉంటుంది, దానిమీద ఏమీ కనిపించదు. పెన్ను బల్లమీద కదులుతుంది, గీత ఎదురుగా కంప్యూటర్ తెరమీద పడుతుంది. చెయ్యి ఒకచోట, చూపు ఒకచోట. మొదటి మూడు వారాలు వంకర గీతలు తప్ప ఏమీ రాలేదు. పెన్నును ఎంత గట్టిగా నొక్కితే గీత అంత లావు. డబ్బామీద 8192 ఒత్తిడి స్థాయిలు అని రాసి ఉంది. "నా చేతికి రెండే తెలుసు మేడమ్, గట్టిగా, మెల్లగా" అని నవ్వేది.

సాఫ్ట్‌వేర్ పేరు క్రిటా. ఉచితంగా దొరుకుతుంది, ఎవరైనా పెట్టుకోవచ్చు. అందులో అన్నిటికంటే ముందు నేర్చుకోవలసింది లేయర్లు. ఒకదానిమీద ఒకటి పేర్చిన గాజు పలకలు అనుకోండి. అడుగు పలకమీద ఆకాశం, దానిమీద చెట్టు, అన్నిటికీ పైన మనిషి. మనిషిని జరిపినా చెట్టు చెదరదు. ఆ అమ్మాయి ఫైళ్ళలో పైన ఏడెనిమిది లేయర్లు ఉండేవి, కళ్ళకొకటి, జుట్టుకొకటి, జుట్టు మెరుపుకొకటి. అట్టడుగున "బ్యాక్‌గ్రౌండ్" అని పేరున్న లేయరు మాత్రం తెల్లగా ఉండేది.

ఆ ఏడు మా తెలుగు తరగతి గోడపత్రికకు "మా వీధి" అనే అంశం ఇచ్చాను. ఒక షరతు పెట్టాను. ఫోన్లో ఫొటో తీసి చూసి వెయ్యకూడదు. పోస్టుకార్డు అంత కాగితం, ఒక పెన్సిలు. రోజూ సాయంత్రం పది నిమిషాలు ఆరుబయట కూర్చుని, కనిపించే వస్తువుల్లో ఒక్కటే వెయ్యాలి. ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. నందలాల్ బోస్ గారు పోస్టుకార్డుల మీద ఎన్నో చిన్న చిన్న స్కెచ్‌లు వేసేవారు. ఆయన 1882లో ఖరగ్‌పూర్‌లో పుట్టారని చదివి మన పిల్లలు క్విజ్‌లో మన ఊరి పేరు చెప్పేస్తుంటారు. ఆ ఖరగ్‌పూర్ వేరు, అది బీహార్‌లో ముంగేర్ దగ్గరిది. 1938లో హరిపురా కాంగ్రెస్ సభల కోసం ఆయన వేసిన బొమ్మల్లో నాయకులు కారు, డోలు వాయించేవాళ్ళు, పొలం దున్నేవాళ్ళు ఉంటారు. మన రాజ్యాంగం మూలప్రతిని అలంకరించిన బొమ్మలు కూడా ఆయనా ఆయన శిష్యులూ వేసినవే. అంత పెద్ద పని చేసిన చెయ్యి రోజూ పోస్టుకార్డు మీద సాధన చేసింది.

ఆ అమ్మాయి మొదటి కార్డు వీధి కుళాయి. రెండోది గోడమీద తెల్లరంగుతో రాసిన క్వార్టరు నంబరు. తర్వాత సైకిలు, దండెం, దండెం మీద ఆరేసిన నీలం యూనిఫారం చొక్కా, అరుగుమీద పడుకున్న కుక్క. నలభై కార్డులు అయ్యాక వాటిని కంప్యూటర్లో రంగుల్లోకి మార్చడం మొదలుపెట్టింది. అక్కడ ఇంకో చిక్కు వచ్చింది. ఇటుక గోడకు సాఫ్ట్‌వేర్లో ఉన్న ఎరుపు పోస్తే ప్లాస్టిక్ బొమ్మలా ఉంది. దొంగచాటుగా గోడను ఫొటో తీసి, ఆ ఫొటోలోంచి రంగు పట్టి తెస్తే బూడిదగా, మురికిగా వచ్చింది. చివరికి సాయంత్రం ఐదింటికి గోడ ఎదుటే కూర్చుని చూసింది. ఎండ పడిన చోట నారింజ, నీడలో వంకాయ రంగు, కుళాయి పక్కన తడిసిన చోట దాదాపు నలుపు, నాచు పట్టిన అడుగు వరసలో ఆకుపచ్చ. "గోడ ఎర్రగా లేదు మేడమ్. మనం ఎర్రగా ఉంటుందని అనుకుంటాం అంతే" అంది. నాకు తెలిసి ఆ అమ్మాయి చిత్రకారిణి అయింది ఆ సాయంత్రమే.

ఇక్కడ ఓల్డ్ సెటిల్‌మెంట్ గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఈ సంచిక వేరే ఊళ్ళలో ఉన్న మీ అన్నలూ అక్కలూ కూడా చదువుతారు. బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడింది. 1900 ప్రాంతాల్లో ఖరగ్‌పూర్ ఆ రైల్వేకు పెద్ద జంక్షనూ, వర్క్‌షాపూ ఉన్న ఊరుగా ఎదిగింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి తెలుగువాళ్ళు పనికోసం అదే రైలు ఎక్కి వచ్చారు. వాళ్ళ మనవళ్ళూ మునిమనవళ్ళూ ఇప్పటికీ ఇక్కడున్నారు. స్టేషను ప్లాట్‌ఫారం 1072.5 మీటర్ల పొడవు. ఒకప్పుడు ప్రపంచంలో అదే పొడవైనది, తర్వాత గోరఖ్‌పూర్, ఆపైన హుబ్బళ్ళి దాన్ని దాటేశాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించడానికి కారణం ఈ ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళే. ఒకే వీధిలో నాలుగు తరాలుగా ఉన్న ఇల్లూ ఉంటుంది, నాలుగు నెలల కిందట సామాను దించిన ఇల్లూ ఉంటుంది.

ఆ అమ్మాయి క్వార్టరుకు ఎదురు వరసలో అలాంటి పాత కాపురం ఒకటుంది. వాళ్ళ మామగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో చేరారు. తర్వాత భర్త, ఆ తర్వాత కొడుకు అందులోనే పనిచేశారు. వీధిలో అందరూ ఆవిడను మామ్మ అనే పిలుస్తారు. డెబ్బై దాటినా తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు తప్పదు. ఎక్కువగా వేసేది 15 చుక్కలు, 8 వచ్చేవరకు, సందుచుక్క. అంటే మధ్య వరసలో 15 చుక్కలు, పైకి 14, 13 అంటూ 8 దాకా, కిందకీ అలాగే. మొత్తం 169 చుక్కలు. కావాలంటే లెక్కల పీరియడ్‌లో కూడి చూసుకోండి. ఆ 169 చుక్కలూ ఆవిడ లెక్కపెట్టరు. పిండి వేళ్ళ మధ్యనుంచి జారుతుంటే వరస దానంతటదే పడుతుంది.

ఆ అమ్మాయి ఆ ముగ్గును బొమ్మలో పెట్టాలనుకుంది. క్రిటాలో ఒక పనిముట్టు ఉంది. పావు భాగం గీస్తే చాలు, మిగతా మూడు భాగాలూ అద్దంలోలాగ వాటంతటవే వస్తాయి. స్టెబిలైజర్ అని ఇంకొకటుంది, చెయ్యి వణికినా గీతను నున్నగా సర్దేస్తుంది. రెండూ పెట్టుకుని ఇరవై నిమిషాల్లో ముగ్గు పూర్తిచేసి, ప్రింటు తీయించి మామ్మకు చూపించింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసి ఏమన్నారో ఆ అమ్మాయి నాకు అచ్చం అదే యాసలో చెప్పింది.

"ఒలే అమ్మీ, ఇది నా ముగ్గు కాదే. బజార్లో అమ్మే అచ్చు ముగ్గు. నా ముగ్గు కుడేపుకి సాగిపోతాది. మోకాలు నొప్పి కదే, అటేపుకి వొంగలేను."

మర్నాడు తెల్లవారుజామున లేచి ఆ అమ్మాయి ఎదురు అరుగుమీద కూర్చుని చూసింది. నిజమే. కుడివైపు గీతలు పొడుగ్గా సాగి ఉన్నాయి. ఒక మూల పిండి ఎక్కువ పడి మందంగా ఉంది. మెలిక తిరిగేచోట చెయ్యి ఆగదు, కాస్త వేగం తగ్గుతుంది, అందుకని అక్కడ గీత చిక్కబడుతుంది. ఎదురుగా అంత కాలం ఉన్నా ఇవేవీ అంతకుముందు కంటపడలేదట.

ఇంటికొచ్చి రెండు పనిముట్లూ తీసేసింది. ముగ్గును మొదటినుంచి చేత్తో గీసింది. ఒక్కో మెలికా ఒకే దెబ్బకు వెయ్యాలని పెట్టుకుంది. తప్పితే కొంచెం చెరిపి దిద్దుకోవడం కాదు, ఆ మెలిక మొత్తం మళ్ళీ. కంప్యూటర్లో కంట్రోల్, జడ్ నొక్కితే తప్పు మాయమవుతుంది. అంతకుముందు ఆ అమ్మాయి ఎడమచెయ్యి ఎప్పుడూ ఆ రెండు మీటల మీదే ఉండేది. ముగ్గు గీసిన పదిరోజులూ ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తప్పు పోయిందా లేదా అన్నది కాదు, గీసే ముందే గీత ఎటు వెళ్తుందో చూసుకోవడం అలవాటైంది. ఫైళ్ళు తేదీల వరసలో తెరిచి చూస్తే ముగ్గుకు ముందు గీతలూ తర్వాత గీతలూ ఇద్దరు మనుషులవిలా ఉంటాయి. అన్నట్టు, స్వీడన్ భాషలో క్రిటా అంటే సుద్ద. ఆ సంగతి చెబితే మామ్మ, "మరింకేటి, మనదే" అన్నారట.

ఆ రోజుల్లోనే ఏడో తరగతి అబ్బాయి ఒకడు ఫోన్లో ఒక వాక్యం టైపు చేసి ఖరగ్‌పూర్ రైల్వే వీధి బొమ్మ తెప్పించాడు. అర నిమిషంలో వచ్చింది, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. "నేను పదిరోజులు ఎందుకు కష్టపడినట్టు మేడమ్?" అంది. నేనేమీ చెప్పలేదు, ఇద్దరి బొమ్మలూ బల్లమీద పక్కపక్కన పెట్టమన్నాను. తరగతి పిల్లలు చుట్టూ చేరారు. మెషిను బొమ్మ చూసి "వావ్" అన్నారు, అక్కడితో అయిపోయింది. ఆ అమ్మాయి బొమ్మ దగ్గర మాత్రం మాటలు మొదలయ్యాయి. "ఇది మా కుళాయే", "ఈ చొక్కా మా నాన్నది", "ఈ కుక్క నన్ను తరిమింది". టైపు చేసిన అబ్బాయే అందరికంటే ఎక్కువసేపు చూశాడు, వాళ్ళ సైకిలు అందులో ఉంది మరి.

చలికాలంలో మా తరగతిని పింగ్లా దగ్గర నయా గ్రామానికి తీసుకెళ్ళాం. మన జిల్లాలోనే ఉన్న ఆ ఊళ్ళో పటచిత్రాలు వేసే చిత్రకారుల కుటుంబాలు ఉన్నాయి. శంఖుపువ్వుల నుంచి నీలం, పసుపుకొమ్ముల నుంచి పసుపు తీస్తారు, రంగు పట్టుకోవడానికి మారేడుకాయ జిగురు కలుపుతారు. గడుల గడులుగా వేసిన పొడుగాటి పటాన్ని పైనుంచి కిందకు విప్పుతూ, ఒక్కో గడినీ వేలితో చూపిస్తూ కథ పాడతారు. మన తెలంగాణలో చేర్యాల పటాలూ ఇలాంటివే. అక్కడ చింతగింజల జిగురు వాడతారు, పటం విప్పి కథ చెప్పేవాళ్ళు వేరే ఉంటారు. రెండుచోట్లా పటం చుట్టుకునే వీలుగా ఉండడానికి కారణం ఒకటే. కథ చెప్పేవాళ్ళు ఊరినుంచి ఊరికి తిరిగేవాళ్ళు. బొమ్మ గోడమీద ఉంటే వెంట రాదు.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఆ అమ్మాయి నా పక్క సీట్లోకి వచ్చి కూర్చుంది. "మేడమ్, ఫోన్లో కామిక్స్ కూడా పైనుంచి కిందకే కదా జరుపుతాం. అదీ పటమే కదా" అంది. అలా మొదలైంది "మా వీధి పటం". వెడల్పు 1080 పిక్సెళ్ళు, ఒక్కో గడి ఎత్తు 1600. మొత్తం 17 గడులు అనుకుంది. అంటే 27,200 పిక్సెళ్ళ పొడవు. అంత ఫైలు తెరిస్తే పాత కంప్యూటర్ మొరాయించేది కాబట్టి గడికొక ఫైలు చేసి చివర్లో అతికించింది. తెల్లవారుజామున ముగ్గుతో మొదలై, షిఫ్టుకు వెళ్ళే సైకిళ్ళు, మధ్యాహ్నం ఖాళీ వీధి, సాయంత్రం గోడ, రాత్రి దూరంగా రైలు దీపం. ఇప్పుడు మనుషులకు పాదాలున్నాయి, పాదాల కింద నేల ఉంది, నేలమీద నీడలున్నాయి.

అక్షరాల దగ్గర మళ్ళీ ఆగింది. ఫోన్లో ఒక యాప్‌లో "మామ్మ" అని టైపు చేస్తే ఒత్తు విడిపోయి రెండు ముక్కలుగా వచ్చింది. చేత్తోనే రాయాలని నిర్ణయించుకుని, ఒత్తులు నేర్పమని స్టాఫ్‌రూముకు వచ్చింది. ఏడాదిన్నరగా నేను నెత్తీ నోరూ కొట్టుకున్నా పట్టుబడని ఒత్తులు మూడువారాల్లో వచ్చేశాయి. బాపు గారి చేతిరాత ఇవాళ కంప్యూటర్లలో ఫాంటుగా ఉందని చెబితే ఆశ్చర్యపోయి, ఆ అక్షరాలు తెచ్చుకుని గుండ్రనా, వాలూ గమనించింది. అలా అని వాటిని దించలేదు. తన అక్షరాలు కాస్త బక్కగా, పైకి సాగి ఉంటాయి. అలాగే ఉంచమన్నాను.

పదకొండు గడులు అయ్యాయి. అప్పుడు ఒకే నెలలో రెండు కబుర్లు వచ్చాయి. వాళ్ళ నాన్నగారికి బదిలీ ఆర్డరు. మామ్మ కొడుక్కి రిటైర్మెంటు. రిటైరైతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి, ఇది మీ అందరికీ తెలిసిందే. మూడు తరాలు కాపురం చేసిన ఇల్లు వదిలి మామ్మవాళ్ళు ఊరి చివర మేడమీద వాటాలోకి మారుతున్నారు. అక్కడ వాకిలి లేదు, గుమ్మం ముందు మెట్లే. ఎప్పుడూ వెళ్ళిపోయేది మనమే, ఉండిపోయేది వాళ్ళు అని ఆ అమ్మాయి అనుకునేది. ఆ కబురు విన్నరోజు పటం పక్కన పెట్టేసింది. వారం రోజులు పెన్ను ముట్టలేదు. "ఎవరికోసం వెయ్యాలి మేడమ్? ఆ ఇంట్లో ఇంకెవరో ఉంటారు, మా ఇంట్లో ఇంకెవరో ఉంటారు" అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నేనూ ఐదు ఊళ్ళలో ఐదు గదులు ఖాళీచేసి వచ్చినదాన్నే. జవాబు మామ్మే ఇచ్చారు, అదీ వేరే ధోరణిలో. ఒకరోజు పిలిచి, "ఆ పటంలో మా జామచెట్టు ఎక్కడే? అది ఎయ్యకుండా ఎలిపోతావేటి?" అని తగువు పెట్టుకున్నారట. అంతే, జామచెట్టు పన్నెండో గడి. తర్వాత వీధిలో ఒక్కొక్కరూ తగువుకు వచ్చారు, మా కిటికీ లేదని, మా మేక లేదని. వార్షిక పరీక్షలు అయ్యాక, సామాను కట్టే రోజుల్లో పదిహేడో గడి పూర్తయింది. ప్రింటు తీయిస్తే రంగులు వెలిసినట్టు వచ్చాయి. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులతో రంగు చూపిస్తుంది. ప్రింటరు సిరాలు కలిపి చూపిస్తుంది. తెరమీద మెరిసే రంగులన్నీ సిరాకు అందవు. అందుకని మామ్మకు ఫోన్లోనే చూపించింది. ఆవిడ బొటనవేలితో మెల్లగా జరుపుకుంటూ చివరిదాకా చూసి, మళ్ళీ పైకి తెచ్చి, ముగ్గు దగ్గర ఆపి, "కుడేపు సాగిందే. ఇది నాదే" అన్నారు.

పిల్లలూ, మీకు బొమ్మలు రాకపోవచ్చు, ఫరవాలేదు. పోస్టుకార్డు అంత కాగితం, పది నిమిషాలు అందరికీ ఉంటాయి. మీరు ఉంటున్న క్వార్టరు కిటికీలోంచి కనిపించే ఒక్క వస్తువు గురించి రెండు వాక్యాలు రాసినా చాలు. ఒక ఊరు మనది కావడానికి ముప్పై ఏళ్ళు ఉండక్కర్లేదు. ఆ ఊరి గోడ సాయంత్రం ఐదింటికి ఏ రంగులో ఉంటుందో తెలిస్తే, అది కొంత మనదైనట్టే. అలా చూడటం అలవాటైతే టి.సి.తో పాటు అదీ మీ వెంట వస్తుంది.

ఆ అమ్మాయి ఇప్పుడు ఝార్ఖండ్‌లో ఇంకో రైల్వే ఊళ్ళో పదో తరగతి చదువుతోంది. మొన్న ఒక ఫైలు పంపింది. తెరిచి చూస్తే ఒక గుట్ట, దాని కింద క్వార్టర్ల వరస, నీళ్ళ ట్యాంకు, సాయంత్రపు నీడలు. మనుషులు ఒక్కరూ లేరు. కింద తెలుగులో, ఒత్తులతో సహా, చేత్తో రాసింది: "ఇక్కడ ఇంకా ఎవరూ పరిచయం కాలేదు మేడమ్. పైన ఒక లేయరు ఖాళీగా ఉంచాను."